మినపప్పు డబ్బా అడుగున మార్కుల మెమో

ఈసారి ఉత్తరం విశాఖపట్నం నుంచి. రాసినావిడకు నలభై ఏడేళ్ళు. ఒక ప్రైవేటు స్కూలు ఆఫీసులో గుమాస్తా. పేరూ, పేటా రాయవద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు రెండు మూడు ఆవిడను అడిగే మార్చాను. ఉత్తరం తొమ్మిది పేజీలు, దానికి జతగా ఆవిడ రాసిన వ్యాసం పదకొండు పేజీలు. ముందు ఉత్తరం సంగతి కుదించి చెప్తాను.

తండ్రి పోర్టులో కళాసీ. తాగేవాడు. ఈవిడకు పదేళ్ళప్పుడు, 1988లో పోయాడు. అప్పటికి తల్లికి ముప్పై. కూతురు, ఆరేళ్ళ కొడుకు, వీళ్ళతోపాటు అమ్మానాన్నలు పోతే తనే పెంచుకొస్తున్న సొంత తమ్ముడు. ఇంతమందికీ కూడు పెట్టడానికి ఆవిడ వీధి చివర టిఫిన్ బండి పెట్టింది. కూతురు బడికి వెళ్ళేముందు చట్నీ రుబ్బి, ప్లేట్లు కడిగి వెళ్ళేది.

1996లో ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. డిగ్రీకి అప్లికేషన్ కూడా తెచ్చుకున్నారు. పద్దెనిమిది నిండిన నెలకే తల్లి ఆమెను తన తమ్ముడికి, అంటే ఈవిడ మేనమామకు, ఇచ్చి పెళ్ళి చేసేసింది. "శుభలేఖలు అచ్చుకు వెళ్ళాక నాకు చెప్పింది" అని రాశారు. ఈవిడ తమ్ముణ్ణి మాత్రం తర్వాత పాలిటెక్నిక్‌లో చదివించింది. భర్త ఎలాంటివాడంటే, "ఆయన మంచివాడు కావడమే నాకు కష్టం, తిట్టుకోవడానికి కూడా లేదు" అన్నారు.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను రోజు. తల్లి ఇంటి రేకులు లేచిపోతే ఈవిడ ఇంటికొచ్చి పడుకుంది. కరెంటు లేదు. ఆ చీకట్లో తల్లి ఒక సంగతి చెప్పింది. పెళ్ళి అంత తొందరగా ఎందుకు చేసిందో అందులో ఉంది. "ఎవులికీ సెప్పకే" అంది. తెల్లారాక ఆ మాట ఎత్తలేదు, ఇన్నేళ్ళలో మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఒక పత్రిక అమ్మ మీద ప్రత్యేక సంచిక వేస్తోంది. అడపాదడపా కథలు రాసే ఈవిడను వ్యాసం అడిగారు. రాశారు, ఎడిటరుకు నచ్చింది. తమ్ముడికి పంపితే హైదరాబాదు నుంచి ఫోను చేసి అరగంట అరిచాడట, "పెనం ముందు మాడిపోయి మనల్ని పెంచిన అమ్మను బజార్లో పెడతావా" అని. భర్త చదివి ఏమీ అనలేదు, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఇరవై నాలుగేళ్ళ కూతురు చదివి, "బాగుందమ్మా. రేపు నేను నీ గురించి ఇలాగే రాయొచ్చా?" అంది. తల్లికి ఇంకా తెలియదు. రెండు వీధుల అవతలే ఉంటుంది. రోజూ ఉదయం ఈవిడే కూర గిన్నె పట్టుకెళ్ళి ఇచ్చి వస్తారు.

ఇదీ ప్రశ్న: "ఆ రాత్రి మాట తీసేస్తే వ్యాసంలో మా అమ్మ రాక్షసి అయిపోతుంది. ఉంచితే నేను నమ్మకద్రోహిని అవుతాను. నిజం రాయడమే తప్పా? మారుపేరుతో వేయమని అడగనా?"

*

అమ్మా,

ముందు ఒక చిన్న సంగతి. తుపాను రాత్రి మీ అమ్మగారు చెప్పినది మీ ఉత్తరంలో నాలుగో పేజీలో ఉంది. ఉత్తరం టైపుకు ఇచ్చేముందు ఆ కాగితం ఒక్కటీ తీసి నా సొరుగులో పెట్టాను. టైపు చేసే కుర్రాడు బుద్ధిమంతుడే, ఎవరితోనూ అనడు. అయినా నా చెయ్యి ఊరుకోలేదు. ఆవిడ చీకట్లో ఒక్క మనిషికి చెప్పిన మాట, అప్పుడే నా బల్ల మీదికి వచ్చేసిందే అనిపించింది. మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉంది. కానీ దాన్ని కాసేపు పక్కన పెడదాం. వ్యాసం బాగోగులూ ఆ రహస్యమూ ఒకే ముడి అనుకుని మీరు టెన్షన్ పడుతున్నారు. నాకు అవి రెండు ముడులుగా కనిపిస్తున్నాయి.

వ్యాసం రెండుసార్లు చదివాను. మీ తమ్ముడు అన్నట్టు అమ్మను తప్పుపట్టడం దాని లోపం అని నేననను. కోపం ఉన్నచోటే మీ వాక్యాలు బాగున్నాయి. వేళ్ళ సందుల్లో పులిసిన పిండి ఆరిపోయి ఉంటే బెంచీ మీద పక్కపిల్ల ముక్కు మూసుకుని జరిగిందని రాశారే, అక్కడ కాగితాలు కింద పెట్టి కాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అది ఎవరి పరువూ తీయదు.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిలు పట్టుకుని ఒక పని చేశాను. మీ అమ్మగారు నోరు తెరిచి మాట్లాడిన చోటల్లా గీత గీద్దామనుకున్నాను. పదకొండు పేజీల్లో మూడే గీతలు పడ్డాయి. అందులో రెండు "అమ్మ వద్దంది", "అమ్మ ఒప్పుకోలేదు". అవి మాటలు కూడా కావు. మూడోది చదువు మాన్పించే చోట: "నీవు చదివి ఏమి సాధిస్తావు?"

తెల్లవారుజామున మూడున్నరకు రుబ్బురోలు ముందు కూర్చునే మనిషి "ఏమి సాధిస్తావు" అంటుందా అమ్మా? అది రేడియో నాటకంలో తండ్రిపాత్ర అనే మాట. మీ ఉత్తరంలో అదే సందర్భం, మీరు గమనించకుండానే కాబోలు, ఇలా రాశారు: "ఏటే గుంటా, సదువనేసి నువ్వెల్లిపోతే నానెవుల్ని సూసుకుని లెగాలే?"

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిదాంట్లో చదువంటే లెక్కలేని తల్లి ఉంది. రెండోదాంట్లో కూతురు వెళ్ళిపోతుందని హడలిపోయిన తల్లి ఉంది. తన హడలు తీరడానికి మీ చదువును మింగేసింది, అందులో సందేహం లేదు. మీకు అన్యాయమే జరిగింది. కానీ అన్యాయం చేసిన మనిషి ఎవరో రెండో మాటలోనే తెలుస్తోంది. వ్యాసంలో ఆవిడ రాక్షసిలా కనిపించడానికి కారణం మీరు ఏదో దాచడం అనుకుంటున్నారు. నాకైతే ఆవిడ మాట దిద్దేయడం వల్ల అలా కనిపిస్తోంది.

ఎందుకు దిద్దారో ఊహించగలను. పత్రికకు వెళ్ళేది కదా, శుద్ధంగా ఉండాలని. మన ఉత్తరాంధ్ర యాసను సినిమాల్లో నవ్వించే పాత్రలకు ఇచ్చి ఇచ్చి, సొంత అమ్మ నోట రాయడానికి మనకే మొహమాటం పట్టుకుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న సభలు పెట్టి శాలువాలు కప్పుకుంటాం, మర్నాడు అమ్మ మాటకు గ్రాంథికం ముసుగు కప్పుతాం. ఇది మిమ్మల్ని అన్నమాట కాదులెండి, నేనూ ఆ శాలువాలు కప్పించుకున్నదాన్నే.

ఇంకొకటి. ఉత్తరం ఏడో పేజీలో, ఏదో దారిన పోతూ గుర్తొచ్చినట్టు ఒక సంగతి రాశారు. 2003లో ఆంధ్రా యూనివర్సిటీ దూరవిద్యలో డిగ్రీకి కడదామనుకుని ఇంటర్ మార్కుల మెమో కోసం ఇల్లంతా వెతికారు. దొరకలేదు. అమ్మతో అంటే ఆవిడ పలక్కుండా వంటింట్లోకి వెళ్ళి, మినపప్పు డబ్బా చేటలోకి ఒంపి, అడుగు నుంచి ప్లాస్టిక్ కవర్లో చుట్టిన మెమో తీసి చేతిలో పెట్టింది. ఫీజు డబ్బులు కూడా ఆవిడే ఇచ్చింది. ఏడేళ్ళపాటు రోజూ ఆ డబ్బాలోంచే పప్పు తీసి నానబోసి ఉంటుంది.

ఇది వ్యాసంలో ఎందుకు లేదు?

నాకు తోచింది చెప్తాను, తప్పయితే కొట్టిపారేయండి. దీన్ని పెడితే అప్పటిదాకా పేర్చుకొచ్చిన కోపం కూలిపోతుందని భయపడ్డారు. కూలదు. మెమో దాచినంత మాత్రాన 1996 చెరిగిపోదు. మీ కాలేజీ మూడేళ్ళు తిరిగి రావు. కాకపోతే చదువు మాన్పించిన చేతే ఆ కాగితాన్ని పురుగు పట్టకుండా కాపాడింది. తప్పు తెలిసి దాచిందా? ఎప్పటికైనా చదివిద్దామనుకుందా? సర్కారు ముద్ర ఉన్న కాగితం పారేయకూడదని దాచిందా? మీరు ఆవిడను అడగలేదు. అడగలేదనే రాయండి. నిజాయితీగా రాయడమంటే తెలిసినదంతా కక్కేయడం అని చాలామంది అనుకుంటారు. తెలియని చోట తెలియదని ఒప్పుకోవడం దానికన్నా కష్టం, నా అనుభవంలో.

అనుభవం అన్నాను కనుక నా భాగోతం కూడా వినండి. నేను మీకు సరిగ్గా ఎదురు తప్పు చేశాను. మా అమ్మ పోయాక, సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేశాం. అందులో ముందు వ్యాసం నాది. సహనం, త్యాగం, అన్నపూర్ణ, అర్ధరాత్రి వచ్చినా వేడి అన్నం. మా పిన్ని ఇష్టంగా చదివి, కళ్ళజోడు తీసి, "చాలా బాగా రాశావే. ఇంతకీ ఎవరీవిడ?" అంది. మా అమ్మ అర్ధరాత్రి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టేది నిజమే. పెడుతూ వాళ్ళ ఏడు తరాలనూ తిట్టేది. ఆ తిట్లు నేను తీసేశాను. వాటితోపాటు అమ్మ కూడా వెళ్ళిపోయింది. నేను తిట్లు తీసేశాను, మీరు మెమో తీసేశారు.

మీ వ్యాసం మొదటి పేరాలో సింహాద్రి అప్పన్న సంగతి ఎత్తారు. "స్వామికే ఏడాదికోసారి చందనం ఒలుస్తారు, మా అమ్మకు ఒలిస్తే తప్పేమిటి" అని. చదవగానే బాగుంది. మన ఊళ్ళో పుట్టినవాళ్ళకే తట్టే మాట. కానీ ఆ పోలిక ఎత్తాక మొత్తం ఎత్తాలి కదా. అక్షయ తృతీయకు ముందు ఆ చందనాన్ని అర్చకులు వెండి బొరిగెలతో నెమ్మదిగా తీస్తారు, విగ్రహానికి గీత పడకుండా. నిజరూపం చూపించిన రాత్రే అభిషేకం చేసి మళ్ళీ మూడు మణుగుల చందనం పూస్తారు. ఆ తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పున్నములకు మరో మూడేసి మణుగులు. ఒలవడం ఒక్కరోజు పని, పూయడం నాలుగు విడతల పని. మీ వ్యాసంలో ఒలుపు మాత్రమే ఉంది. ఆ పేరా తీసేయమనడం లేదు. దాన్ని చివరిదాకా ఆలోచించమంటున్నాను.

ఇక ఆ రాత్రి మాట.

అది మీ జీవితాన్ని మలుపు తిప్పింది కాబట్టి మీదే అంటున్నారు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు. మీకు ఇష్టం లేకుండా పెళ్ళి జరిగింది, ఎందుకు జరిగిందో తెలుసుకునే హక్కు మీకుంది. ఆవిడ అది తీర్చింది, పద్దెనిమిదేళ్ళు ఆలస్యంగానైనా. కానీ మీరు తెలుసుకోవడం వేరు, ఊరంతా తెలుసుకోవడం వేరు. జరిగింది ఆవిడకు. దాని దెబ్బ మీకు తగిలింది. దెబ్బ గురించి మీరు ఎంతైనా రాయండి. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది రాయాలంటే ఆవిడ గడప తొక్కి అడగాలి.

అడిగితే? ఒప్పుకోవచ్చు. "నానున్నప్పుడే రాసేయ్" అన్నా అనవచ్చు, ముసలివాళ్ళు మనం అనుకున్నంత పిరికివాళ్ళు కారు. కానీ ఆవిడ ఒప్పుకున్నా, దేనికి ఒప్పుకుంటోందో ఆవిడకు తెలియాలి. "పేపర్లో రాస్తానమ్మా" అంటే ఆవిడ ఒక కాగితం అనుకుంటుంది. అది ఫొటో తీసి వాట్సాప్‌లో మీ పేట అంతా తిరుగుతుందనీ, ఉదయం పాలు పోసే మనిషి కూడా చదివి ఉంటాడనీ విడమర్చి చెప్పాలి. వద్దంటే అక్కడితో సరి. ఇంకో ప్రమాదం కూడా ఉంది. "నానెప్పుడు సెప్పాను?" అని మొత్తానికి కాదనేయవచ్చు. అప్పుడు మీకు ఆ రాత్రి కూడా లేకుండా పోతుంది. ఇది మీరు తట్టుకోగలరో లేదో నేను చెప్పలేను.

అడక్కుండా తీసేస్తే? ఆవిడ రాక్షసి అవుతుందన్న భయం నాకు లేదు. ఆవిడ అసలు మాట వెనక్కి తెచ్చి, మెమో పెట్టి, ఒకసారి మళ్ళీ చదువుకుని చూడండి. తల్లిని సమర్థించడానికి మీకు ఆ రహస్యం అవసరం ఉండకపోవచ్చు. ఇదే నేను మొదట రెండు ముడులు అన్నది. "ఒక కారణం ఉంది, అది నేను చెప్పకూడదు" అని వ్యాసంలో ఒక వాక్యం పడేయాలనిపిస్తుంది. సాహిత్యం తెలిసినవాళ్ళు మెచ్చుకుంటారు. మీ వీధివాళ్ళు మాత్రం ఆ ఖాళీని తమకు తోచినదానితో నింపుతారు, అది అసలుకన్నా ఘోరంగా ఉంటుంది. ఆ వాక్యం రాయకుండా ఉండటమే మేలని నా అభిప్రాయం.

కథగా మార్చి రాయొచ్చా అంటే, రాయొచ్చు. కానీ బండి బదులు కుట్టుమిషను పెట్టి, విశాఖ బదులు విజయనగరం పెడితే చాలదు. మీ అమ్మగారిని ఎరిగినవాళ్ళు రెండో పేజీలోనే పట్టేస్తారు. సంఘటనే మారిపోవాలి, అప్పుడది అమ్మ గురించి రాసినది కాకుండా పోతుంది. మీకు కావలసింది అదేనా?

"ఆవిడ పోయాక రాసుకోరాదూ" అని సలహా ఇచ్చేవాళ్ళు మీకు తప్పకుండా తగులుతారు. నాకు ఈ సలహా నచ్చదు. బతికి ఉంటే కనీసం "అబద్ధమే గుంటా" అనగలదు. పోయాక ఆ అవకాశం కూడా ఉండదు. మైల తీరినంత మాత్రాన ఆవిడ రహస్యం మీ ఆస్తి అయిపోదు.

మారుపేరు గురించి రెండు ముక్కలు. మారుపేరు హైదరాబాదు పాఠకుడి నుంచి మిమ్మల్ని దాచుతుంది. మీ తమ్ముడి నుంచి, మీ వీధి నుంచి దాచదు. దాచుకోవలసింది వాళ్ళ నుంచే కాబట్టి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

చట్టం సంగతి మీరు అడగలేదు కానీ చెప్పకపోతే నా తప్పవుతుంది. మీ నాన్నగారి తాగుడు గురించి, ఆయన అన్నదమ్ముల గురించి పేర్లతో సహా రాశారు. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 356వ సెక్షను పరువునష్టం. చనిపోయిన మనిషి గురించి రాసినా, దగ్గరి బంధువుల మనసు నొప్పించాలన్న ఉద్దేశం ఉంటే అది కూడా పరువునష్టం కిందికి రావచ్చు. "నేను రాసింది నిజమే" అన్నంత మాత్రాన సరిపోదు, అది నలుగురికీ మేలు చేసే నిజం అని కూడా చూపాలి. మీ బాబాయిలు కోర్టుకెక్కుతారని నేననడం లేదు. కానీ వాళ్ళ పేర్లు తీసేస్తే వ్యాసానికి వచ్చే లోటేమీ లేదు. నాన్నగారి తాగుడు వ్యాసానికి అవసరం, ఉంచండి. నాలుగు రాత్రులు వర్ణించారు, ఒక్కటి చాలు. అయినా అనుమానం ఉంటే వేసేముందు ఒక వకీలుకు చూపించండి.

మీ తమ్ముడి మీద నాకు మీకున్నంత కోపం లేదు. ఆరేళ్ళప్పుడు తండ్రి పోయినవాడు. వాడికి తెలిసిన అమ్మ వేరు, ఆ అమ్మ వాణ్ణి చదివించింది. ఒకే ఇంట్లో పెరిగినా అక్కకూ తమ్ముడికీ దొరికిన అమ్మ ఒకరే కానక్కర్లేదు. మీ వ్యాసం వేయాలా వద్దా అని తేల్చే అధికారం వాడికి ఇవ్వకండి. కానీ ఒక పని అడగండి: "ఇందులో జరగనిది ఏదైనా రాశానా?" అని. పరువు సంగతి మానేసి జరిగినదాని గురించి మాట్లాడమంటే మనుషుల గొంతు కాస్త తగ్గుతుంది. తేదీలూ, ఎవరెక్కడ ఉన్నారన్నదీ వాడికి మీకన్నా బాగా గుర్తుండవచ్చు కూడా.

నాకు ఉత్తరంలో అన్నిటికన్నా పట్టుకున్నది మీ ఆయన. "రెండు రోజులు అన్నం సరిగా తినలేదు" అని ఒక్క వాక్యంలో రాసి ముందుకు వెళ్ళిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. 1996లో ఆయనకు ఇరవై ఆరు. పెంచింది అక్క. తిన్నది అక్క చేతి అన్నం. "నా కూతుర్ని చేసుకోరా" అని ఆ అక్క అంటే కాదనడానికి ఆయనకు నోరుందా? శుభలేఖలు వేయించేముందు మిమ్మల్ని అడగలేదు సరే, ఆయన్ని అడిగారా? వ్యాసంలో ఆయన ఒక గది గోడలా ఉన్నారు, మిమ్మల్ని పెట్టి తలుపు వేసిన గది. ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి అది చదివి అన్నం ఎలా తింటాడు?

మీ అమ్మాయి వయసు పాఠకులకు మేనమామతో పెళ్ళి అనగానే ఒళ్ళు జలదరించవచ్చు. 1955 హిందూ వివాహ చట్టం కూడా దాన్ని నిషేధించి, ఆచారం ఉన్నచోట మాత్రం మినహాయించింది. మన ఇళ్ళల్లో ఆ ఆచారం ఎందుకు నిలిచిందో మీకు నేను చెప్పాలా? కట్నం బాధ ఉండదు, ఆరళ్ళు ఉండవు, ఆడపిల్ల కళ్ళెదుటే ఉంటుంది. మొగుడు పోయి బండి మీద బతికే ఆడదానికి ఇవి చిన్న విషయాలు కావు. "నానెవుల్ని సూసుకుని లెగాలే" అన్న మాటకు అందులోనే జవాబు దొరికిందావిడకు. ఈ లెక్క మీ వ్యాసంలో ఒక పేరా అన్నా ఉంటే, ఆ లెక్కలో మిమ్మల్ని ఎవరూ సంప్రదించలేదన్న మీ బాధ ఇంకా పదునుగా తెలుస్తుంది.

అందుకని, మీ అమ్మగారి దగ్గరికి వెళ్ళేముందు ఆయనతో మాట్లాడండి. ఆయనకు పేజీలు ఇచ్చి లోపలికి వెళ్ళిపోవద్దు. "నీకు అప్పుడేమనిపించింది?" అని అడిగి ఊరుకోండి. ఆయన చెప్పేది వ్యాసంలో పెట్టాలని రూలేమీ లేదు. వ్యాసం మొత్తం ఆగిపోయినా ఆ ప్రశ్న మాత్రం ఆగకూడదని నాకనిపిస్తోంది. ఆయన "ఇప్పుడెందుకులే" అనవచ్చు. మగవాళ్ళు ఆ మాట అన్నాక, ఓ గంటకు చెప్పడం మొదలుపెడతారు.

ఎడిటరుకు ఇరవై రోజుల్లో ఇవ్వాలన్నారు. గడువు అడగండి. ఇవ్వకపోతే ఈ సంచికకు వదిలేయండి. మరో అమ్మ సంచిక వచ్చే ఏడాది మే నెలలో మళ్ళీ వేస్తారు, వాళ్ళకు ప్రతి ఏడాదీ కావాలి. కూరతో రోజూ ఎదురుపడాల్సిన మనిషితో మీకున్నది ఏడాదికొక సంచికతో తీరే వ్యవహారం కాదు. అలాగని భయపడి పూర్తిగా మానేసి కాగితాలు అటక మీద పడేస్తే దానికీ ఖర్చుంది. ఇరవై తొమ్మిదేళ్ళు మింగిన కోపం మీకు ఎక్కడెక్కడ బయటికొస్తోందో మీరే రాశారు: ఉప్పు ఎక్కువైందని అమ్మ అంటే గిన్నె విసిరికొట్టి వచ్చిన రోజు సంగతి. రాయకపోతే అలాంటి గిన్నెలు ఇంకా పడతాయి.

మీ అమ్మాయికి ఏం చెప్పాలని అడిగారు. "రాయొచ్చు" అని చెప్పండి. ఇంకేం చెప్తారు? మీకు ఉన్న హక్కు దానికి లేకుండా పోదు. అయితే ఆ మాట వినగానే మీకు గుండె గుబేలుమందని రాశారు కదా, ఆ గుబేలుమన్నది కూడా వ్యాసంలో రాయండి. మీ అమ్మగారి వైపు నుంచి ఈ వ్యాసం ఎలా ఉంటుందో మీకు ఒక్క క్షణం తెలిసింది అప్పుడే. అది రాస్తే మీరు జడ్జి కుర్చీలోంచి దిగి ఆవిడ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. నాకు ఆ పేరా చదవాలని ఉంది.

అమ్మగారికి ఎలా చెప్పాలన్నది మిగిలింది. చూపు ఆనదు కాబట్టి మీరే చదివి వినిపించాలి. ఎదురెదురుగా కూర్చుని, కాగితాలు పట్టుకుని, గొంతు సవరించుకుని చదివితే ఆవిడకు పంచాయతీలా ఉంటుంది. చేతిలో ఏదైనా పని ఉన్నప్పుడు చదవండి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నప్పుడో. చెయ్యి ఆడుతుంటే నోరు కూడా ఆడుతుంది. చదువు మాన్పించిన పేజీతో మొదలుపెట్టవద్దు. మినపప్పు డబ్బా దగ్గర మొదలుపెట్టండి. ఆవిడ మాటలను ఆవిడ యాసలోనే చదవండి, మీ గొంతులో అవి ఎలా ఉంటాయో ఆవిడ వినాలి. నవ్వినా నవ్వుతుంది. "ఇలాగంటానేటే నాను?" అని దెబ్బలాడినా మంచిదే, అప్పుడు ఎలా అంటుందో ఆవిడే చెప్తుంది, రాసుకోండి.

అప్పుడు ఆ డబ్బాలో ఎందుకు దాచావమ్మా అని అడగండి. తుపాను రాత్రి సంగతి ఆ రోజు ఎత్తకండి. ఆవిడే ఎత్తితే వినండి. ఎత్తకపోతే, ఈనెలు తీసిన చిక్కుడుకాయలు అక్కడే కూర చేసి, ఇద్దరూ తిని, మీ ఆయనకు కొంచెం గిన్నెలో తెచ్చేయండి.